గుర్రపు డెక్క: చెరువులో చావదు, తొట్టిలో బతకదు

ఈ మొక్క గురించి రెండు రకాల ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. చెరువు కట్ట పక్కన ఇళ్లున్నవాళ్లు "ఎన్నిసార్లు తీయించినా మూడు నెలలకే మళ్లీ కమ్మేస్తోంది" అంటారు. లేత ఊదారంగు పూలు చూసి ముచ్చటపడి నర్సరీ నుంచి రెండు మొక్కలు తెచ్చి మిద్దె మీద తొట్టిలో వేసుకున్నవాళ్లేమో "నెల తిరక్కుండానే పసుపెక్కిపోయింది, ఎంత చూసుకున్నా ఎదగడం లేదు" అంటారు. మొక్క ఒకటే, ఎండ ఒకటే, ఊరు కూడా ఒకటే కావచ్చు.

ఈ రెండు ఫిర్యాదులనూ పక్కపక్కన పెడితే గుర్రపు డెక్క సంగతి సగం అర్థమైపోతుంది. ఆ చెరువులో ఉండి ఈ తొట్టిలో లేనిది ఎరువు. నత్రజని, భాస్వరం, పొటాష్. మన వంటింటి నుంచి, మరుగుదొడ్డి నుంచి, పొలాల నుంచి, చేపల చెరువుల నుంచి నీళ్లలో కరిగిపోయి వచ్చే ఎరువు. దాన్ని చెరువులోకి పంపుతున్నంత కాలం డెక్కను తీయడానికి టెండర్లు పిలుస్తూనే ఉంటాం. అది అందని తొట్టిలో ఎంత ముద్దు చేసినా మొక్క నీరసపడుతూనే ఉంటుంది. అందుకే డెక్కను పెంచడం, డెక్కను అదుపు చేయడం రెండు వేర్వేరు విద్యలని నేననుకోను. నీళ్లలోకి ఎంత ఎరువు వస్తోంది, కోసి ఎంత మొక్కను బయటికి తీస్తున్నాం అన్న లెక్కే రెండు చోట్లా పనిచేస్తుంది.

అమెజాన్ నుంచి మన మురుగు కాలువ దాకా

గుర్రపు డెక్క మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం దాని పుట్టిల్లు. 19వ శతాబ్దంలో తోటల మోజున్నవాళ్లు పూల కోసం దాన్ని ఖండాలు దాటించారు. ఆ శతాబ్దం చివరికి బెంగాల్ చేరింది. నాలుగు దశాబ్దాలు తిరిగేసరికి అక్కడి నదుల్లో పడవలు కదలని పరిస్థితి, వరి చేలలోకి డెక్క దిబ్బలు కొట్టుకొచ్చే పరిస్థితి వచ్చి, 1936లో దీని కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. అమెరికాలో ఇంకో రకం వేషం. లూసియానా వాగుల్ని డెక్క కమ్మేస్తే 1910లో బ్రసార్డ్ అనే ఆ రాష్ట్ర ప్రతినిధి, ఆఫ్రికా నుంచి నీటి ఏనుగుల్ని తెప్పించి వదులుదామని కాంగ్రెస్‌లో బిల్లే పెట్టాడు. అవి డెక్క తింటాయి, వాటిని మనం తినొచ్చు అని ఆయన లెక్క. బిల్లు నెగ్గలేదు. లేకపోతే లూసియానా వాళ్లకు డెక్కతో పాటు నీటి ఏనుగుల బెడద కూడా ఉండేది.

పుట్టింట్లో లేని బెడద బయటెందుకన్నదానికి ఒక జవాబు అక్కడి పురుగులు. ఈ మొక్కనే తిని బతికే పురుగులు అమెజాన్‌లో ఉన్నాయి. మొక్కను ఓడలెక్కించినవాళ్లు పురుగుల్ని వెంట తేలేదు. రెండో జవాబు మన నీళ్లే.

పిలకల లెక్క

డెక్క నీటి మీద తేలుతుంది. కాడలో దూదిలాంటి మెత్తటి కణజాలం నిండా గాలి ఉంటుంది, అందుకే మునగదు. కింద నల్లటి వేర్లు గుబురుగా వేలాడుతుంటాయి. నేల అక్కర్లేదు, తినేదంతా నీళ్ల నుంచే. ఒక సంగతి గమనించండి: చోటు బాగా ఉన్నప్పుడు కాడలు పొట్టిగా, ఉబ్బెత్తుగా ఉంటాయి. ఇరుకైపోయాక ఉబ్బు తగ్గి కాడలు పొడుగ్గా, సన్నగా పైకి లేస్తాయి. చెరువులో నడుం ఎత్తు పెరిగిన డెక్క కనిపిస్తే అది చాలాకాలంగా ఎవరూ ముట్టని చోటని అర్థం.

మొక్క అడుగు నుంచి అడ్డంగా తీగ బయల్దేరుతుంది. దాని చివర పిలక వస్తుంది. పిలక కొన్నాళ్లకు తల్లి నుంచి విడిపోయి తన పిలకలు తను పెడుతుంది. వేడి, ఎరువు సమృద్ధిగా ఉన్న నీళ్లలో దాదాపు రెండు వారాలకొకసారి రెట్టింపవుతుంది. ఇది చక్రవడ్డీ లెక్క, మొదట్లో కంటికి ఆనదు. ఒక చదరపు మీటరు డెక్క పన్నెండుసార్లు రెట్టింపైతే ఎకరం నిండుతుంది. అంటే ఐదున్నర నెలలు. అందులో నాలుగున్నర నెలలు గడిచినా నాలుగో వంతు చెరువే నిండి ఉంటుంది, ఎవరికీ టెన్షన్ ఉండదు. మిగతా మూడు వంతులూ ఆఖరి నెలలో నిండుతాయి. "రాత్రికి రాత్రే పరుచుకుంది" అనిపించేది ఇందుకే.

ఇదే లెక్కను తిప్పి చూడండి. ఎకరం చెరువులో తొంభై శాతం డెక్క తీసేసి, గట్ల పక్కన, తుంగలో చిక్కుకున్న పది శాతం వదిలేశారనుకుందాం. ఆరేడు వారాల్లో చెరువు మళ్లీ నిండుతుంది. ఇంకా కష్టపడి తొంభై తొమ్మిది శాతం తీశారు, ఒక్క శాతమే మిగిలింది. అప్పుడు పట్టేది మూడు నెలలు. ఖర్చు చూస్తే ఆఖరి తొమ్మిది శాతానికే ఎక్కువవుతుంది, దానికి దక్కే ప్రతిఫలం మరో ఆరేడు వారాలు. కాంట్రాక్టరు మోసం చేశాడని కట్ట మీది జనం తిట్టుకుంటారు గానీ, పని నిజాయితీగా చేసినా మూడు నెలలకు ఫలితం అదే.

విత్తనాల సంగతి వేరే. పువ్వు వాడిపోయాక పూకాడ వంగి నీళ్లలోకి దిగుతుంది. కాయ పగిలి విత్తనాలు అడుగు బురదలో పడతాయి. ఇరవై ఏళ్ల దాకా మొలకెత్తే శక్తి పోగొట్టుకోకుండా ఉండగలవు. అవి మొలవాలంటే లోతు నీళ్లు పనికిరావు, వెలుతురు తగిలే తడి బురదో, జానెడు నీళ్లో కావాలి. ఎండాకాలంలో చెరువెండితే డెక్క చచ్చిపోతుందని మనం సంబరపడే సమయమే విత్తనాలకు అనుకూలం. తొలకరి పడి అంచుల్లో నీళ్లు చేరగానే వేలికొసంత మొలకలు లేస్తాయి. ఆ రెండు మూడు వారాల్లో గట్ల వెంట తిరిగి చేత్తో పీకగలిగితే, ఆ ఏడాది మొత్తంలో అంతకంటే చౌకైన పని ఇంకొకటుండదు. ఎవరూ చేయరు, ఎందుకంటే అప్పుడు చెరువులో చూపించడానికి సమస్యే ఉండదు.

తీసేశాక నీళ్లు ఎందుకు పచ్చబడతాయి

డెక్కంతా తీయించి, నీళ్లు కనిపించేలా చేసి, ఫొటోలు దిగిన కొన్ని వారాలకే చెరువు చిక్కటి పచ్చరంగులోకి మారడం చాలా చోట్ల చూస్తుంటాం. మొక్క పోయింది గానీ అది తింటున్న తిండి నీళ్లలో అలాగే ఉంది. ఇంతకాలం డెక్క నీడకు లోపలికి వెలుతురు దిగలేదు కాబట్టి నాచు ఊరుకుంది. ఇప్పుడు వెలుతురూ ఉంది, తిండీ ఉంది.

అయితే డెక్క తీస్తే ఎరువు కూడా పోయినట్టే కదా? పోతుంది, కొంత. ఎంతో చూద్దాం. పచ్చి డెక్కలో 95 శాతం దాకా నీళ్లే. టన్ను డెక్క తీస్తే అందులో ఎండు పదార్థం యాభై కిలోలు. ఎండు పదార్థంలో నత్రజని చెరువును బట్టి సుమారు రెండు మూడు శాతం అనుకుంటే, టన్నుకు ఒక కిలో నుంచి కిలోన్నర. ఇప్పుడు అవతలి వైపు చూడండి. ఒక మనిషి నుంచి ఏడాదికి సుమారు నాలుగు కిలోల నత్రజని మురుగులోకి వెళ్తుంది. వెయ్యి మంది ఉన్న కాలనీ మురుగు నేరుగా చెరువులో కలుస్తుంటే ఏటా నాలుగు టన్నులు. దాన్ని డెక్క రూపంలోనే బయటికి తీయాలంటే ఏటా మూడు వేల టన్నులకు పైగా పచ్చి డెక్క తీయాలి. దట్టంగా పరుచుకున్న ఎకరంలో వంద టన్నులు దాటడం మామూలే కాబట్టి, ముప్పై ఎకరాల నిండు చెరువును ఖాళీ చేసినంత పని. అదీ ఒక్క చిన్న కాలనీకి. నత్రజనిలో కొంత భాగం అడుగున బ్యాక్టీరియా చర్య వల్ల గాలిలో కలిసిపోతుంది, అది కాస్త ఊరట. భాస్వరానికి అలాంటి దారి కూడా లేదు, బురదలో పేరుకుంటూ పోతుంది.

హైదరాబాద్‌లో మూసీ మీద, నగరం చుట్టుపక్కల చెరువుల మీద డెక్క గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందుంచుకోవాలి. నీటి మీద తిరుగుతూ చెత్తనూ డెక్కనూ ఎత్తిపోసే యంత్రాలు కొనడం, నాలా నీళ్లను చెరువు దగ్గరే ఆపి ఎస్టీపీకి, అంటే మురుగు శుద్ధి కేంద్రానికి, మళ్లించడం రెండూ ఒకే బడ్జెట్‌లో పోటీపడతాయి. యంత్రం కనిపిస్తుంది, పైపులైను భూమిలో ఉంటుంది. యంత్రం అక్కర్లేదని కాదు గానీ, నాలా మళ్లించకుండా యంత్రం దించితే దాన్ని ఇక అక్కడి నుంచి కదిలించే రోజు రాదు.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతకు ఈ కోణంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని ప్రయోజనం ఒకటుంది. పూడిక మట్టితో పాటు అందులో పేరుకున్న భాస్వరం, డెక్క విత్తనాలు చెరువు దాటి పొలానికి పోతాయి. పొలంలో విత్తనం మొలిచినా పొడి నేలలో నిలవదు. భాస్వరం పంటకు పనికొస్తుంది. చెరువు నుంచి పొలానికి మట్టి తోలుకోవడం మన పెద్దలకు తెలిసిన పనే. వాళ్ల కాలంలో డెక్క లేకపోయినా, అది ఇప్పటి డెక్కకూ మందే.

డెల్టాలో చిక్కు వేరు

చెరువు ఒక గిన్నె. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీళ్లు పారేవి కాబట్టి సమస్య రూపం మారుతుంది. అక్కడ పంట కాలువలు, మురుగు కాలువలు విడివిడిగా ఉంటాయి. పంట కాలువలను వేసవిలో కట్టేస్తారు కాబట్టి ఆ నెలన్నర, రెండు నెలల్లో పూడిక, డెక్క తీసుకోవడానికి వీలుంటుంది. డ్రెయిన్లకు ఆ విరామం లేదు. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు లాంటి డ్రెయిన్‌లో ఊరి మురుగు, పొలాల మిగులు నీరు, ఆక్వా చెరువుల నుంచి వదిలిన నీళ్లు ఏడాది పొడుగునా చేరుతుంటాయి. మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగం చేప ఒంటికి పట్టకుండా నీళ్లలోనే మిగిలిపోతుంది. డెక్కకు ఇంతకంటే ఏం కావాలి?

భారీ వర్షాలప్పుడు అసలు నష్టం బయటపడుతుంది. డెక్క ప్రవాహానికి తేలి వచ్చి వంతెనల ఖానాల దగ్గర, రెగ్యులేటర్ల దగ్గర గుట్టపడుతుంది. నీళ్లు లాగకపోవడంతో నాట్లు వేసిన చేలు రోజుల తరబడి మునిగి ఉంటాయి. ఒకటి రెండు రోజుల ముంపును వరి తట్టుకుంటుంది, వారం ముంపును లేత నారు తట్టుకోదు. కాబట్టి డెల్టా రైతుకు డెక్క నీటి అందం సమస్య కాదు, ఖరీఫ్ సమస్య.

పారే నీళ్లలో ఎక్కడ మొదలుపెట్టాలన్నది కీలకం. ఎగువ నుంచి దిగువకు తీసుకుంటూ రావాలి. మధ్యలో ఒక ఊరి పరిధి మాత్రమే శుభ్రం చేస్తే ఎగువ నుంచి పది రోజుల్లో మళ్లీ వచ్చి చేరుతుంది. అన్నిటికంటే చెడ్డ అలవాటు ఇంకొకటి: డెక్కను గడలతో నెట్టి హద్దు దాటించి దిగువ ఊరి వాళ్ల నెత్తిన పెట్టడం. నెట్టినప్పుడు మొగ్గతో సహా తెగిన ప్రతి ముక్కా కొత్త మొక్కే. ఈ నెట్టుడుకు భయపడనిది ఒక్క సముద్రమే. ఉప్పు నీళ్లలో డెక్క బతకదు, అందుకే ఆటుపోట్ల ఉప్పు ఎక్కే కాలువల చివర్లలో అది కనిపించదు.

పొక్లెయిన్‌తో ఎత్తి గట్టు మీదే పోయడం కూడా సగం పనే. కుళ్లిన రసం వర్షానికి తిరిగి కాలువలోకే పోతుంది, పైనున్న పచ్చి మొక్కలు జారి నీళ్లలో పడతాయి. కనీసం గట్టు అవతలి వాలులో పోయించాలి.

మందు కొడితే?

కొడితే చస్తుంది, వారం పది రోజుల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. చూసేవాళ్లకు పని అయిపోయినట్టే. కానీ చచ్చిన టన్నుల కొద్దీ మొక్క అక్కడే మునిగి కుళ్లుతుంది. కుళ్లడానికి నీళ్లలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది, చేపలు తేలతాయి. మొక్క దాచుకున్న ఎరువు మొత్తం మళ్లీ నీళ్లలో కలుస్తుంది, దాన్ని తినడానికి అడుగు విత్తనాలు సిద్ధంగా ఉంటాయి. పైగా 2,4-డి లాంటి కలుపు మందు గాలికి కొట్టుకుపోయి పక్క చేలో పత్తి మీదో కూరగాయల మీదో పడిందంటే ఆకులు ముడుచుకుపోతాయి. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందు సంగతికొస్తే, 2022 అక్టోబర్‌లో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. తాగునీటికో, చేపలకో వాడే చెరువులో పంపు భుజాన వేసుకుని ఎవరికి వారు దిగిపోయే పని కాదిది. తప్పనిసరై, బాధ్యత ఉన్న శాఖ చేయిస్తున్నా ఒకేసారి మొత్తం కాకుండా పాయలు పాయలుగా కొట్టి, చచ్చిన దాన్ని ఎత్తించాలి. ఎత్తించే డబ్బు ఉంటే మందు ఎందుకన్న ప్రశ్న అప్పుడు సహజంగానే వస్తుంది.

ఓడలో రాని ఆ పురుగుల దగ్గరికొద్దాం. డెక్కను తప్ప వేరే దేన్నీ తిని బతకలేని రెండు రకాల ముక్కు పురుగుల్ని 1980ల మొదట్లో అమెరికా నుంచి బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి, అక్కడి చెరువుల్లో వదిలారు. పెద్ద పురుగు ఆకు మీద గీకి తింటుంది, దాని పిల్ల పురుగు కాడలోకి తొలుచుకుపోతుంది. కాడ పాడైతే మొక్క బరువెక్కి మునుగుతుంది. కొన్ని చెరువుల్లో మూడు నాలుగేళ్లకు మంచి ఫలితాలొచ్చాయి. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులో 1995 నుంచి వదిలితే ఆ దశాబ్దం ముగిసేసరికి డెక్క విస్తీర్ణం దారుణంగా పడిపోయింది. ఆ మధ్యలో వచ్చిన ఎల్‌నినో గాలివానల పాత్ర కూడా అందులో ఉంది. తర్వాత ఆ సరస్సులోనే ఎరువు నీళ్లు ఎక్కువగా చేరే వినమ్ గల్ఫ్‌లో డెక్క మళ్లీ లేచింది.

మరి మన దగ్గర పురుగులు ఎందుకు గెలవవు? పురుగు ఒక తరం పూర్తి చేయడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, డెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఎరువు తక్కువ ఉన్న నీళ్లలో మొక్క నెమ్మదిస్తే పురుగు అందుకోగలదు. మురుగు నీళ్లలో అందుకోలేదు. అంతలో మనం వెళ్లి డెక్కతో పాటు పురుగుల్నీ లారీకెత్తుతాం, లేదా చెరువు ఎండి అవి కూడా పోతాయి. పురుగుల్ని నమ్ముకుంటే చెరువులో ఒక మూల డెక్కను ముట్టకుండా వాటి కోసం వదలాలి. మూడేళ్లు ఆగాలి. మునిసిపాలిటీ కౌన్సిల్‌లో ఈ మాట చెప్పి నెగ్గుకురావడం కష్టమే.

"దీన్ని ఏదో ఒకటి చేయొచ్చు కదా"

కంపోస్టు, బుట్టలు, బయోగ్యాస్, పశువుల మేత. డెక్క గురించి రాసే ప్రతి ఒక్కరూ ఈ జాబితా చదువుతారు. అన్నీ సాధ్యమే, అన్నిటికీ అడ్డు నీళ్లే. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. అంత నత్రజని కోసం పదిహేను టన్నులకు పైగా పచ్చి డెక్క మోయాలి. పది కిలోమీటర్ల దూరం తోలేసరికే డీజిల్ ఖర్చు ఎరువు విలువను దాటుతుంది. కాబట్టి చెరువు పక్కనే నాలుగు రోజులు ఎండబెట్టి, పేడ, మట్టి కలిపి అక్కడే కుప్ప వేసి, ఆ చుట్టుపక్కల పొలాలకే వాడుకునే పద్ధతి ఒక్కటే లెక్కకు నిలబడుతుంది. కాయలు పట్టకముందు కోసినదైతే మేలు, విత్తనాల భయముండదు. పూలున్న కుప్పను బాగా వేడెక్కేలా తిరగేస్తూ ఉండాలి.

ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చోట మొలిచిన డెక్కతో మాత్రం జాగ్రత్త. అది సీసం, క్యాడ్మియం లాంటి లోహాలను వేర్లలో పోగేసుకుంటుంది. ఆ గుణమే నీటి శుద్ధికి పనికొస్తుంది, ఆ గుణం వల్లే ఆ డెక్క మేతకూ కూరగాయల మడికీ పనికిరాదు. శుభ్రమైన చెరువుదైనా గేదెకు కాస్త పచ్చిమేతలో కలిపి పెట్టొచ్చు తప్ప కడుపు నింపే మేత కాదు, పారుకుంటుంది.

మోసే గొడవే లేకుండా దీన్ని వాడుకున్నవాళ్లు బంగ్లాదేశ్ రైతులు. గోపాల్‌గంజ్, బరిసాల్, పిరోజ్‌పూర్ ప్రాంతాల్లో నెలల తరబడి నీళ్లు నిలిచే చోట డెక్కను పొరలు పొరలుగా పేర్చి పొడవాటి తెప్పలు కడతారు. పై పొర కుళ్లి ఎరువవుతుంది, దాని మీద కూరగాయలు, నారుమళ్లు పెంచుతారు. నీళ్లు తీశాక మిగిలిన కుళ్లును అదే నేలలో రబీ పంటకు కలుపుతారు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2015లో ఈ పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మన మెట్ట చెరువులకు ఇది నప్పదు, వేసవిలో నీళ్లు ఉండవు.

కావాలని డెక్కను పెంచి మురుగు శుద్ధి చేసిన అనుభవం కూడా ఉంది. అమెరికాలో నాసా సంస్థ 1970లలో మిసిసిపీలోని తన కేంద్రంలో మురుగు మడుగుల్లో డెక్కను పెంచింది. అక్కడ పనిచేసిన సూత్రం ఇదే: హద్దున్న మడుగు, లోపలికి వచ్చే నీళ్లకు కొలత, క్రమం తప్పని కోత. కోత ఆగిన రోజు నుంచి పాత ఆకులు కుళ్లి తిన్నదంతా తిరిగి కక్కడం మొదలుపెడతాయి. మన దగ్గర "డెక్క నీటిని శుద్ధి చేస్తుంది కదా, ఉండనివ్వండి" అనేవాళ్లు ఈ కోత మాట మర్చిపోతారు.

దోమల గురించి ఒక మాట. డెక్క చాటున నీళ్లు కదలవు, చేపలు లోపలికి చొరబడలేవు, కాబట్టి దోమ పిల్లలకు రక్షణ. మాన్సోనియా అనే జాతి దోమ పిల్లలైతే నీటి మొక్కల వేర్లకే గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటాయి, పైకి రానే రావు. ఈ దోమ ఒక రకం బోదకాలును మోస్తుంది. కేరళ తీరంలో దాని మీద పోరాటమంతా నీటి మొక్కల్ని తీయడం చుట్టూనే నడిచింది. ఇక డెక్క చెరువు నీళ్లన్నీ తాగేస్తుందన్న మాటలో కొంత నిజం, చాలా అతిశయోక్తి. ఆకుల నుంచి నీరు ఆవిరవడం నిజమే. కానీ ఎన్నో రెట్లు ఎక్కువని చెప్పే అంకెలు విడి తొట్లలో కొలిచినవి. తొట్టి అంచులకు నలువైపులా వేడి గాలి తగులుతుంది కాబట్టి అక్కడ లెక్క పెరుగుతుంది, విశాలమైన చెరువులో అంత తేడా ఉండదు.

తొట్టిలో పెంచాలనుకుంటే

యూరోపియన్ యూనియన్ 2016లోనే దీని అమ్మకాన్నీ పెంపకాన్నీ నిషేధించింది. మన నర్సరీల్లో మామూలుగానే దొరుకుతోంది. నన్నడిగితే కలువ పెట్టుకోమంటాను. అయినా ఆ పూల మీదే మనసుంటే ఇలా చేయండి.

ఐదారు గంటలు నేరుగా ఎండ తగిలే చోట వెడల్పాటి తొట్టి పెట్టండి. లోతు అడుగున్నర ఉంటే వేర్లు హాయిగా వేలాడతాయి. కొళాయి నీళ్లయితే రెండు రోజులు నిల్వ ఉంచి వాడండి. తెచ్చిన మొక్కను బకెట్లో బాగా జాడించి, పాత ఆకులు తుంచి వేయండి, నత్తగుడ్లూ దోమ పిల్లలూ దాంతో పాటు వచ్చేస్తుంటాయి. మూడు నాలుగు మొక్కలు చాలు.

పసుపెక్కడానికి కారణం ఆకుల్ని చూస్తే తెలుస్తుంది. కింది ముదురు ఆకులు ముందు పసుపైతే నత్రజని చాలలేదు. ఇంట్లో అక్వేరియం ఉంటే నీళ్లు మార్చినప్పుడల్లా పాత నీళ్లు ఇందులో పోయండి, అంతకంటే మంచి ఎరువు లేదు. లేదంటే గుప్పెడు వర్మికంపోస్టు గుడ్డలో మూటకట్టి వేలాడదీయండి. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో ఇది మామూలు, వాన నీళ్లు పట్టి కలిపితే తేరుకుంటుంది. నీళ్లు పచ్చబడుతుంటే మాత్రం ఎరువు ఎక్కువైందన్నమాట, ఆపేయండి.

పూలు రావాలంటే మొక్కలు కాస్త ఒత్తుగా ఉండాలి. కానీ తొట్టిలో మూడో వంతు నీళ్లు ఎప్పుడూ ఖాళీగా కనిపించాలి, నాలుగు గప్పీ చేపలు దోమల సంగతి చూసుకుంటాయి. వారానికోసారి ఎక్కువైన పిలకలు తీయండి. పూత వాడగానే కాడ వంగకముందే కత్తిరించేయండి. తీసిన మొక్కల్ని ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి కంపోస్టు డబ్బాలో వేయండి. పక్కింటివాళ్లు అడిగినా పిలక ఇచ్చేముందు వాళ్ల తొట్టి నీళ్లు ఎక్కడికి పోతాయో అడగండి. మీ తొట్టి నిండి పొర్లే పైపుకు కూడా సన్నటి జాలీ బిగించండి. మిద్దె మీది వాన నీళ్లు నాలాలోకి, నాలా చెరువులోకే కదా పోయేది.